గుడి దగ్గర మాట తిరిగొచ్చిందని బీపీ మాత్రలు మానేశారట!

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నాన్నకు 58 ఏళ్లు, బీపీ ఉంది. మొన్న అమావాస్యకు చెర్వుగట్టు వెళ్తే, గుడి ముందు కుడి చేతిలోంచి కొబ్బరికాయ జారిపోయింది, మూతి వంకర పోయింది, మాట రాలేదు. పడుకోబెట్టి నోట్లో తీర్థం పోశాం. 20 నిమిషాల్లో లేచి మామూలుగా మాట్లాడారు. రామలింగేశ్వరుడి మహిమ అని అమ్మ, ఉత్త టెన్షన్ అని తమ్ముడు. సైన్సు ఇలాంటివి ఒప్పుకుంటుందా? నాన్న బీపీ మాత్రలు కూడా మానేశారు.
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: అన్నీ రాసి అసలు సంగతి చివర్లో చెప్పారు. మనిషిని చూడకుండా ఖాయంగా అనలేను గానీ, ఇది టీఐఏలా ఉంది, అంటే వచ్చిపోయే పక్షవాతం. మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తపు గడ్డ అడ్డుపడి కాసేపటికి దానంతటదే కరుగుతుంది, చెయ్యీ మాటా తిరిగొస్తాయి, చాలామందికి గంటలోపే. బస్టాండులో పడిపోయినా ఇంతే. ఆ టైముకు ఎదురుగా ఎవరుంటే వాళ్లకు పేరొస్తుంది, ఒక్కోసారి మా డాక్టర్లకు కూడా.

దేవుడు చేశాడా లేదా అన్నది తేల్చే పరీక్ష నా దగ్గర లేదు. అమ్మగారు మొక్కు తీర్చుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. మీ తమ్ముడిది మాత్రం సైన్సేం కాదు, బీపీ కూడా చూడకుండా టెన్షన్ అని తేల్చేయడం కూడా నమ్మకమే కదా. ఇద్దరూ వాదించుకున్నారు సరే, ఆసుపత్రికి మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు!

ఇలా వచ్చిపోయాక పెద్ద పక్షవాతం భయం మొదటి రెండు రోజుల్లో చాలా ఎక్కువ, అవి ఎటూ దాటిపోయాయి, కానీ మూడు నెలల దాకా జాగ్రత్తగా ఉండాల్సిందే. ఈ రోజే నల్గొండలో స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెదడు స్కాన్, మెడలోని రక్తనాళాలకు డాప్లర్ (రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్), ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్ చూస్తారు. గుండె లయ తప్పి గడ్డ కడుతుంటే మందులే వేరు. షుగర్ పడిపోయినా అచ్చం ఇలాగే కనిపించొచ్చు.

ఇక మాత్రలు. నా దగ్గరికి పక్షవాతంతో వచ్చేవాళ్లలో ఎంతోమంది చెప్పేది ఇదే, "బాగానే ఉంది కదా సార్, ఆపేసిన" అని. మాత్ర వేసుకుంటున్నందుకే బాగుందయ్యా అంటే వినరు. అలాగని ఇప్పుడు కంగారుపడి ఒకేసారి రెండు మింగించకండి, మెడికల్ షాపులో అడిగి ఆస్పిరిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్ర) కూడా వేయకండి, మెదడు లోపల రక్తం కారిందో లేదో స్కాన్‌లోనే తెలుస్తుంది.

మళ్లీ ఇలా అయితే తీర్థం కాదు కదా, మంచినీళ్లు కూడా పోయొద్దు, మింగలేని మనిషికి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే, అదీ అందరికీ కాదు, డ్యూటీ డాక్టర్ మొదట అడిగేది ఆ టైమే.