బ్యాంకులు అమ్మేస్తారట... కోచింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం అయ్యాక ఏడాదిన్నరగా నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకుంటోంది. వయసు 24. మేం బీసీలం. ప్రభుత్వ బ్యాంకులన్నీ ప్రైవేటుకు ఇచ్చేస్తారని టీవీలో వింటున్నాం. ఇంకా చదివించడం దండగేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, అనంతపురం జిల్లా

జవాబు: మీ భయాన్ని కొట్టిపారేయను. 2021 బడ్జెట్‌లోనే రెండు ప్రభుత్వ బ్యాంకులను, ఒక సాధారణ బీమా సంస్థను ప్రైవేటుపరం చేస్తామని నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ప్రభుత్వ సంస్థల్లో వాటాల అమ్మకంతో ఆ ఏడాది 1.75 లక్షల కోట్లు రాబట్టాలనుకున్నారు. అందులో పదో వంతు కూడా రాలేదు. జాతీయం చేసిన బ్యాంకును అమ్మాలంటే 1970, 1980 నాటి చట్టాలను పార్లమెంటు సవరించాలి. కాబట్టి అది రాత్రికి రాత్రి జరిగే పని కాదు.

ఇంట్లో పాత ఆంధ్రా బ్యాంకు పాస్‌బుక్ ఉంటే ఒకసారి తీసి చూడండి. 1923లో మచిలీపట్నంలో మొదలైన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మారింది, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. ఉద్యోగులు మాత్రం కొత్త బ్యాంకు ఉద్యోగులయ్యారు. కానీ ఒకే వీధిలోని రెండు బ్రాంచీలు ఒకటైతే కొత్తగా తీసుకోవాల్సిన అవసరం తగ్గుతుంది కదా! 2017 మొదట్లో 27 ఉన్న ప్రభుత్వ బ్యాంకులు ఇప్పుడు 12. నన్నడిగితే దెబ్బ తగిలేది లోపల ఉన్నవాళ్లకంటే బయట క్యూలో ఉన్న మీ అమ్మాయిలాంటి వాళ్లకే.

నిజంగా అమ్మేస్తే సంగతి వేరు. ఎయిర్ ఇండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లినప్పుడు, ఏడాది వరకు ఎవరినీ తీసేయకూడదనీ, రెండో ఏడాది తీసేయాలంటే వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ పథకం) ఇవ్వాలనీ షరతు పెట్టారు. హామీ అంతవరకే. పైగా ప్రైవేటు యాజమాన్యం రిజర్వేషన్ పాటించాల్సిన పని లేదు. ఓబీసీ కోటా 27 శాతం మీద ఆశపెట్టుకున్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. పెన్షన్ కోసమే బ్యాంకు ఉద్యోగం అనుకుంటుంటే మాత్రం, 2010 ఏప్రిల్ నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు, ఉన్నది జీతంలోంచి కట్టుకుంటూ పోయే ఎన్‌పీఎస్సే.

కోచింగ్ మాన్పించకండి, గడువు పెట్టండి. నేనైతే ఇంకొక్క ఏడాది నోటిఫికేషన్లు అంటాను. ప్రభుత్వ బ్యాంకుల ఆఫీసర్ ఉద్యోగాలకు పెట్టే ఉమ్మడి పరీక్ష ఐబీపీఎస్ పీవోకి ఓబీసీలకు వయోపరిమితి 33 ఏళ్లు కాబట్టి ఇంకా బోలెడు టైముందన్న ధీమాతోనే హాస్టల్ గదుల్లో ఏళ్లు గడిపేసిన పిల్లలు నాకు తెలుసు. ఐబీపీఎస్ పీవో ఒక్కటే పట్టుకోకుండా ఎస్‌బీఐకి, గ్రామీణ బ్యాంకుకు, బీమా సంస్థల పరీక్షలకు కూడా అప్లై చేయించండి. చదివేది చాలావరకు అదే. సాయంత్రాలు ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు నేర్చుకుంటే బీకాం పిల్లకు ఆడిటర్ల ఆఫీసుల్లో పని దొరుకుతుంది. ఫీజు కట్టి ఊరికే కూర్చోవడం కంటే అది నయం.

ఇంకో మాట. బీసీ అని రాశారు గానీ, ఈ పరీక్షలకు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్‌కు (సంపన్న శ్రేణి కిందికి రారని తెలిపే పత్రం) ఇప్పుడే మీ గ్రామ లేదా వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. ఇంటర్వ్యూ రోజున అది లేక జనరల్‌లోకి వెళ్లిన అమ్మాయి ఒకరు నా దగ్గరికి వచ్చి ఏడ్చింది.