సముద్రంలో కూడా ఫంగస్ ఉంటుందా? వాటి నుంచి నిజంగా మందులొస్తాయా, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి తీసుకోవచ్చా?

ఉప్పు సరిపోతే ఆవకాయకే బూజు పట్టదు, ఇక సముద్రంలో బూజేంటి అని మీరు రాసింది చూసి నవ్వొచ్చింది, ఎందుకంటే నేను మైక్రోబయాలజీ ఎమ్మెస్సీలో ఈ టాపిక్ తీసుకున్నప్పుడు మా అమ్మ కూడా అచ్చం ఇదే అంది. ఆవకాయలో పడే ఉప్పు ఎక్కడ, సముద్రం ఎక్కడండీ, లీటరు నీళ్ళకి 35 గ్రాములు అటూఇటూ, అంతే. ఆ మాత్రానికి చాలా ఫంగస్‌లు తట్టుకుంటాయి.

మందుల సంగతికొస్తే, మీ ఇంట్లో ఎవరికైనా సెఫిక్సిమ్ బిళ్ళలో సెఫ్‌ట్రయాక్సోన్ ఇంజెక్షనో రాసి ఉంటారు కదా, ఆ యాంటీబయాటిక్ కుటుంబం మొత్తానికీ మూలం 1945లో ఇటలీలోని సార్డీనియా దీవిలో దొరికిన ఒక ఫంగస్. కాల్యరి ఊళ్ళో డ్రైనేజీ సముద్రంలో కలిసే చోట జనం ఈత కొడుతున్నా టైఫాయిడ్ రావట్లేదేంటి అని జుసెప్పె బ్రోట్జు అనే డాక్టరుకి అనుమానమొచ్చి ఆ నీళ్ళే కల్చర్ చేశాడు. 1948లో పేపర్ వేసి, ఫంగస్‌ని ఆక్స్‌ఫర్డ్‌కి పంపితే అక్కడ అబ్రహాం, న్యూటన్ అనే శాస్త్రవేత్తలు కలిసి సెఫలోస్పోరిన్ సి అనే పదార్థాన్ని బయటికి తీశారు. విడిగా చూస్తే అది బలహీనమైందే, కానీ పెన్సిలిన్‌ని విరగ్గొట్టే ఎంజైమ్‌కి లొంగలేదు, అదీ దాని గొప్ప. దాని అణువుకున్న పక్క కొమ్మలు మార్చుకుంటూ పోయి 1964కి మొదటి మందు మార్కెట్లోకి తెచ్చారు. అయితే అది అసలు సముద్రపుదేనా, డ్రైనేజీతో పాటు కొట్టుకొచ్చిందా అనే డౌటు మాత్రం ఉండనే ఉంది.

ఈ డౌటే నా ప్రాజెక్టుని కూడా ముంచింది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలో, పర్మిషన్ తీసుకునే లెండి (అభయారణ్యం, లేకుండా పుల్ల కూడా తీయకూడదు), సముద్రం నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురదలో కూరుకుపోయిన మడ కర్రలు ఏరుకొచ్చి జిప్ కవర్లలో తడి టిష్యూ వేసి పెట్టా. కొన్ని వారాలకి కర్ర మీద గసగసాల కన్నా చిన్న నల్ల చుక్కలొచ్చాయి. ఒకదాన్ని సూదితో తీసి స్లయిడ్ మీద నీటి చుక్కలో నలిపి చూస్తే, స్పోరు (ఫంగస్‌కి విత్తనం లాంటిది) చివర టోపీలా ఉన్న ముక్క మెల్లగా విప్పుకుని సన్నటి దారంలా సాగింది! నీళ్ళలో తేలుతూ పోయి ఇంకో కర్రకి తగులుకోవడానికి అన్నమాట. హాలోసార్ఫియా లాంటివి ఇలా చేస్తాయి, అసలైన సముద్రపు ఫంగస్ అంటే ఇవీ.

కానీ ఇవి ప్లేటు మీద నత్తనడకే, నాకేమో డెడ్‌లైన్. అదే కర్ర నుంచి మూడో రోజుకే పచ్చగా పెరిగిన ఆస్పర్జిల్లస్‌ని పట్టుకున్నా, అది గాల్లోంచి వచ్చి వాలిందో ఏమో ఎవడికి తెలుసు. దాన్నుంచి తీసిన సారాన్ని, అంటే ఎక్స్‌ట్రాక్ట్‌ని, మిథనాల్‌లో కరిగించి చిన్న కాగితపు డిస్క్ మీద వేసి, ఆరిందో లేదో చూడకుండా స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా పూసిన ప్లేటు మీద పెట్టేశా. తెల్లారి డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగని 11 మిల్లీమీటర్ల జోన్, అందులో డిస్కే 6 అనుకోండి, అయినా ఫోటో తీసి స్టేటస్ పెట్టేశా. మా గైడ్ చూసి ఒకటే అడిగారు, "సాల్వెంట్ కంట్రోల్ ఏదమ్మా?" అని. ఉత్త మిథనాల్ డిస్క్ పెడితే దానికీ 9 వచ్చింది. స్టేటస్ డిలీట్ చేశా. మిగిలిన ఆ కాస్త యాక్టివిటీ కూడా ఫంగస్‌ని కొత్త ప్లేట్లకి మార్చే నాలుగైదు సబ్‌కల్చర్లకి పోయింది.

పెద్దవాళ్ళకీ తిప్పలు తప్పట్లేదు. బహామాస్‌లో ఒక పచ్చ నాచు మీద దొరికిన ఆస్పర్జిల్లస్ నుంచి హాలిమైడ్ అనే పదార్థం తీశారు, తీరా చూస్తే అదే పదార్థం నేల మీది ఆస్పర్జిల్లస్‌లో కూడా ఉంది. దాని ఆధారంగా చేసిన ప్లినబ్యులిన్, కీమో వల్ల తెల్లకణాలు పడిపోకుండా ఆపడానికి ఇచ్చే మందుగా, అమెరికాలో మందులకి అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ దాకా వెళ్ళింది, వాళ్ళు 2021లో ఇంకో ట్రయల్ చేసి రమ్మన్నారు.

మీ ప్రాజెక్టుకి తీసుకోవచ్చు, కాకపోతే కొత్త యాంటీబయాటిక్ కనిపెడతా అని టైటిల్ పెట్టకండి. కర్రల మీద ఏమేం పెరుగుతున్నాయో గుర్తించి, ఒకే ఫంగస్‌ని ఉప్పు నీళ్ళ మీడియంలో ఒకసారి, ఉడికించిన బియ్యం మీద ఒకసారి పెంచి ఎక్స్‌ట్రాక్ట్‌లో తేడా చూడండి, మీడియం మారిస్తే అప్పటిదాకా కనపడని పదార్థాలు బయటపడుతుంటాయి. మొదటి రోజే కల్చర్‌ని గ్లిసరాల్‌లో ఫ్రీజ్ చేసి దాచుకోండి. కర్రలు మాత్రం సెమిస్టర్ మొదట్లోనే తెచ్చేసుకోండి, ఆ నల్ల చుక్కలు మీ వైవా డేట్ చూసుకుని రావు.