కాంట్రాలో ఆ ఇద్దరూ అన్నదమ్ములే అనుకున్నాం

చిన్నప్పుడు వీడియో గేముల్లోని పాత్రల గురించి గట్టిగా నమ్మి, పెద్దయ్యాక కాదని తెలుసుకున్న సంగతి ఏదైనా ఉందా అని అడిగారు. నాకుంది. కాంట్రా అనే గేములో తుపాకులు పట్టుకుని పరిగెత్తే ఇద్దరూ సొంత అన్నదమ్ములని మా అక్కా నేనూ దాదాపు పదేళ్లు నమ్మాం. అదేదో ఊరికే అనుకున్నది కాదు, మా దగ్గర సాక్ష్యాలున్నాయి.

మాది తెనాలి. 1998 వేసవి సెలవుల్లో నాన్న విజయవాడ బీసెంట్ రోడ్డు నుంచి వీడియో గేమ్ తెచ్చారు. రెండు రిమోట్లు, ఒక పసుపు రంగు క్యాసెట్. ఆట ఎలా ఆడాలో, అందులో ఎవరెవరో చెప్పే పుస్తకం ఏదీ రాలేదు. క్యాసెట్ మీద లక్ష గేములని రాసుంది కానీ పది పన్నెండు దాటాక అవే మళ్లీ మళ్లీ వచ్చేవి. మాది బ్లాక్ అండ్ వైట్ పోర్టబుల్ టీవీ. వెనక యాంటెన్నా తీగ పీకి గేము తీగ గుచ్చి, ట్యూనింగ్ చక్రం తిప్పుతూ ఉంటే ముందు చీమలు, తర్వాత గీతలు, ఆ గీతల్లోంచి మెల్లగా బొమ్మ తేలేది. మధ్యలో కరెంటు పోతే అంతే, మళ్లీ మొదటి నుంచి.

కాంట్రాలో ఇద్దరూ ఆ టీవీలో అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండేవాళ్లు. కవలలని అక్క తేల్చేసింది. ఆడేకొద్దీ ఆ మాట నిజమేననిపించింది. నా లైఫులన్నీ అయిపోయాక బటన్ నొక్కితే అక్క లైఫుల్లోంచి ఒకటి తగ్గి, నేను మళ్లీ పైనుంచి దిగేవాణ్ణి. పరాయివాడికి ఎవరైనా ప్రాణం ఇస్తారా? ఇక మూడో స్టేజీ, జలపాతం. అక్కడ రాళ్ల మీదుగా పైకి ఎగురుకుంటూ పోవాలి. ఒకరు తొందరపడి పైకి పోతే తెర కూడా వాళ్లతో పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెర అంచు తగిలి చచ్చిపోతాడు. శత్రువు కాల్చక్కర్లేదు, తోడున్నవాడు ఆగకపోతే చాలు. నా తొందర వల్ల అక్క అలా నాలుగైదుసార్లు పోయింది. ఆ తర్వాత "ఒకటి, రెండు, దూకు" అని లెక్కపెట్టుకుంటూ కలిసి ఎక్కడం నేర్చుకున్నాం. ఇప్పటికీ ఆ గేము మొత్తంలో నాకు బాగా ఇష్టమైన చోటు అదే.

దసరాకి గుంటూరులో పెదనాన్నగారింటికి గేము తీసుకెళ్లాం. వాళ్లది కలర్ టీవీ. మొదటిసారి చూశాం, ఒకడిది నీలం ప్యాంటు, ఒకడిది ఎరుపు ప్యాంటు! కవలల మాట అక్కడితో పోయింది. అక్క కాసేపు ఆలోచించి, నీలం రాముడు, ఎరుపు లక్ష్మణుడు అంది. అడవిలో మొదలవుతుంది కదా, దారి పొడుగునా రాక్షసులే కదా. అన్నిటికంటే చివరి స్టేజీ. అక్కడ ఒక పెద్ద గుండె కొట్టుకుంటూ ఉంటుంది, దాన్ని కొడితేనే ఆట అయిపోతుంది. రావణుడి ప్రాణం నాభిలో ఉన్నట్టు వీడి ప్రాణం గుండెలో ఉందన్నమాట. ఇక మాకు సందేహమే లేదు. ఆ రోజు నుంచి మొదటి రిమోట్ అక్కదే. పెద్దది కాబట్టి రాముడు తనే.

ఉద్యోగంలో చేరాక ఒక రాత్రి ఆ గేము కథ వెతుక్కుని చదివాను. కొనామి అనే జపాన్ కంపెనీ వాళ్లు 1987లో నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల మీద తెచ్చి, 1988లో ఇంటి గేముగా చేశారు. నీలం ప్యాంటు బిల్ రైజర్, ఎరుపు ప్యాంటు లాన్స్ బీన్. చుట్టరికం లేదు, ఒకే దళంలో పనిచేసే కమాండోలు. చదివి కాస్త బాధపడ్డ మాట నిజం. కానీ ఇంకా చదివితే అసలు కథే ఒక్కటి కాదని తెలిసింది. జపాన్ కథలో అది 2633వ సంవత్సరం, న్యూజిలాండ్ దగ్గర గలూగా దీవులు. అమెరికాలో గేముతో ఇచ్చిన పుస్తకంలో మాత్రం ఇప్పటి కాలమే, అమెజాన్ అడవి. 1990లో యూరప్‌కి వెళ్లేసరికి మనుషులే లేరు. హింస ఉన్న ఆటల మీద జర్మనీలో ఆంక్షలుండటంతో ఇద్దరినీ రోబోలుగా మార్చి, పేరు కూడా ప్రొబొటెక్టర్ అని పెట్టారు. ఆ ఇద్దరినే ఒకచోట భవిష్యత్తు సైనికులుగా, ఒకచోట మరమనుషులుగా చూసి పిల్లలు పెరిగారు. మేం రామలక్ష్మణులుగా చూశాం. ప్రాణం పంచుకోవడం, కలిసి ఎక్కడం మాత్రం ఎక్కడైనా ఒకటే కదా. అందుకే మాది తప్పు అనడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

ఇంకో గేము, సూపర్ మారియో బ్రదర్స్‌లో హీరో మారియో గురించి కూడా చెప్పాలి. అతను ఇటుకల్ని తలతో కొడతాడని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఒకసారి ఎగిరిన క్షణంలో స్టార్ట్ నొక్కి ఆపి, టీవీకి ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్లి చూశాను. చెయ్యి పైకెత్తి ఉంది, పిడికిలి బిగించి. అలాగే మబ్బులే కిందికి దిగి పొదలవుతాయని మా ఇంకో నమ్మకం. మా టీవీలో రెండిటికీ రంగు లేదు, ఆకారం ఒక్కటే. అదీ ఉత్త భ్రమ కాదు. ఆ గేము అసలు క్యాసెట్‌లో ఉన్న చోటు మొత్తం 40 కిలోబైట్లు, అందుకని మబ్బు బొమ్మకే ఆకుపచ్చ రంగు వేసి పొద చేశారు.

అన్నిటికంటే అక్క చెప్పిన ఒక మాట ఉంది. మారియోలో కొన్ని ఇటుకల్ని కొడితే లోపల్నుంచి బలం ఇచ్చే పుట్టగొడుగు వస్తుంది. దారిలో కనిపించిన ఒట్టి ఇటుకల్ని నేను సరదాకి పగలగొడుతుంటే ఆపేది. "వాటిలో ఎవరో ఉన్నారురా, లేకపోతే ఆ పుట్టగొడుగు లోపల్నుంచి ఎలా వస్తుంది?" అనేది. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. పోయిన ఏడాది మారియో గేముతో 1985లో అమెరికాలో ఇచ్చిన పుస్తకం నెట్లో దొరికింది. తాబేళ్ల రాజు మంత్రం వేసి పుట్టగొడుగు రాజ్యంలో జనాన్ని రాళ్లుగా, ఇటుకలుగా, మొక్కలుగా మార్చేశాడని అందులో స్పష్టంగా ఉంది. ఇటుకలుగా మారినవాళ్లు మారియో ఎదురుపడితే అతనికి బలం ఇచ్చి రుణం తీర్చుకుంటారట.

వెంటనే అక్కకి ఫోన్ చేశాను. తనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటోంది. ఆ ముక్క మొత్తం తెలుగులో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒట్టి ఇటుకలు నేనెప్పుడూ పగలగొట్టలేదు కదరా?" అంది.

పగలగొట్టలేదు. నాకు బాగా గుర్తుంది.