ప్రశ్న – జవాబు: తుపాను మేఘాలను చదివిన సామాన్యులు

ప్రశ్న: ఉపగ్రహాలు తీసిన తుపాను మేఘాల చిత్రాలను శాస్త్రజ్ఞులు మామూలు ప్రజలకు చూపించి అభిప్రాయం అడిగారని విన్నాను. ఇన్ని కంప్యూటర్లు ఉండగా శిక్షణ లేనివారితో ఏం పని?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: మీరు విన్నది 2012లో అమెరికాలో మొదలైన ‘సైక్లోన్ సెంటర్’ గురించి అయి ఉండాలి. 1978 నుంచి మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతటా వచ్చిన తుపానుల పరారుణ చిత్రాలను (వేడి, చలి తేడాలను చూపేవి), దాదాపు 3 లక్షలు, పరిశోధనల్లో సామాన్యులు పాలుపంచుకునే జూనివర్స్ అనే ఆన్‌లైన్ వేదిక ద్వారా స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారికి చూపించారు. మీ కోనసీమలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసిన 1996 నవంబరు తుపాను ఆ కాలంలోనిదే.

అట్లాంటిక్‌లో తుపాను బలాన్ని కొలవడానికి విమానాలు దాని లోపలికే వెళతాయి. బంగాళాఖాతంలో ఆ ఏర్పాటు లేదు కనుక, నడిసముద్రంలో గాలి వేగమెంతో చెప్పడానికి చాలావరకు మేఘాల ఆకారమే ఆధారం. మేఘాల పట్టీ కేంద్రాన్ని ఎంతమేర చుట్టుకుంది, నడుమ మేఘాలు లేని ‘కన్ను’ ఏర్పడిందా, ఏర్పడితే అది ఎంత వెచ్చగా, చుట్టూ ఉన్న మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంది అన్నవి చూసి బలాన్ని అంచనా వేసే పద్ధతిని అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞుడు వెర్నాన్ డ్వొరాక్ 1970లలో రూపొందించారు. పద్ధతి ఒక్కటే అయినా చిత్రాన్ని చూసే మనిషి విచక్షణ అందులో కలుస్తుంది. అందువల్ల ఒకే తుపానుకు వేర్వేరు దేశాల సంస్థలు వేర్వేరు బలాలు నమోదు చేశాయి. పైగా భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు గాలిని తీసుకుంటే, అమెరికా సంస్థలు 1 నిమిషం సగటును తీసుకుంటాయి. దశాబ్దాలు గడిచేకొద్దీ తుపానులు బలపడుతున్నాయా అని తేల్చాలంటే కొలబద్ద మారకూడదు. కన్ను స్పష్టంగా ఉన్న తుపానును కంప్యూటరు బాగానే అంచనా వేస్తుంది గాని, కన్ను ఇంకా తెరుచుకోని దశలో తడబడుతుంది. అక్కడే మనిషి చూపు కావలసివచ్చింది.

ప్రశ్న: వారు పొరబడితే ఆ లెక్కలకు విలువేముంటుంది?
– ఒక విద్యార్థి, బాపట్ల

జవాబు: గాలి వేగమెంత అని వారిని అడగలేదు. రెండు చిత్రాలలో ఏది బలమైన తుపాను, ఇక్కడి నమూనాలలో దేనికి దగ్గరగా ఉంది వంటి, ఎవరైనా చూసి చెప్పగల ప్రశ్నలే వేశారు. ఒకే చిత్రాన్ని పలువురికి చూపి, జవాబులన్నింటినీ గణాంక పద్ధతిలో కలిపారు. అందరూ ఒకే మాట చెబితే అంచనా గట్టిది. భిన్నంగా చెబితే ఆ మేఘాలే అస్పష్టంగా ఉన్నాయని తెలుస్తుంది. ఒకే నిపుణుడి అంచనాలో ఈ సంగతి బయటపడదు కనుక, నా దృష్టిలో ఈ ప్రయత్నపు అసలు విలువ ఇదే.

అయితే ఎందరు చూసినా పూడని లోటు ఒకటుంది. 1998లో యూరప్ వారి వాతావరణ ఉపగ్రహం మెటియోశాట్-5ను హిందూ మహాసముద్రం మీదికి జరిపేదాకా, ఆ సేకరణలో మన వైపు చిత్రాలు దూరాన ఉన్న ఉపగ్రహాలు ఏటవాలుగా తీసినవే. 1996 కోనసీమ తుపానుకూ అంతకన్నా మంచి చిత్రాలు అందులో లేవు.