దొంగ సరుకు ముఠాకు దాగుడుచోటు: మడ అడవిలో నేర్చుకున్నది

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు ధరించి పాచికలతో కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో మీరు నడిపిస్తున్న కథకు స్మగ్లర్ల రహస్య స్థావరం ఒకటి కావాలని, అది ఆటగాళ్లకు ఇట్టే దొరికిపోకూడదని, అలాగని అసలు దొరక్కుండానూ పోకూడదని అడిగారు. అమలాపురంలో మిత్రులకు కొన్నేళ్లుగా ఈ ఆట నడిపిస్తున్నవాడిగా ముందు నా పొరపాటు చెబుతాను.

నా మొదటి స్థావరం జలపాతం వెనక, రాతి తలుపు చాటున ఉండేది. తలుపు కనిపెట్టడానికి డీసీ (పాచిక మొత్తం చేరాల్సిన అంకె) 20 పెట్టాను. పర్సెప్షన్‌లో, అంటే గమనించే నేర్పులో, ప్లస్ 3 ఉన్న పాత్రకు ఇరవై ముఖాల పాచిక మీద 17 గాని అంతకన్నా ఎక్కువ గాని పడాలి. అంటే ఐదింట ఒక్క అవకాశం. నలుగురూ వేశారు, నలుగురికీ తప్పింది, రెండు ఆదివారాలు ఆ కొండ చుట్టూ తిరగడంతోనే సరిపోయాయి. కథనంతా ఒక్క తలుపుకు కట్టేసిన తప్పు నాదే.

ఆ తరువాత ఒకసారి కోరింగ మడ అడవుల్లో పడవ ఎక్కాము. చిన్న కాలవలోకి పోదామంటే పడవాయన ఒప్పుకోలేదు. "పాటు మొదలైందండి, నీరు తీస్తోంది, ఇంకాసేపటికి ఇందులో పడవ ఆడదు" అన్నారు. తిరిగి వస్తుండగా, వెళ్లేటప్పుడు నీళ్లు నిండుగా ఉన్న చోట ఒక నాటుపడవ బురదలో పక్కకు ఒరిగి ఉంది, దాని చుట్టూ తెల్లమడ వేర్లు మేకులు పాతినట్టు పైకి లేచి ఉన్నాయి. నా స్థావరానికి కావలసిన తలుపు అక్కడ దొరికింది: ఎక్కి దిగే ఆ నీరే.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ నీరు బాగా ఎక్కుతుంది, అష్టమికి తగ్గుతుంది. అమావాస్య రాత్రి నీరు నిండుగా, వెన్నెల లేకుండా ఉంటుంది కనుక నా ముఠా ఆ రాత్రే సరుకు దించేది. (మీ లోకంలో చంద్రులు ఇద్దరైతే లెక్క మీరే వేసుకోవాలి, నావల్ల కాదు.)

ఇక ముఠా ఎందుకు పుట్టిందో ముందే తేల్చుకోండి. గౌతమి ఒడ్డునున్న యానాం 1954 దాకా ఫ్రెంచి ఏలుబడిలో ఉండేది; చుట్టూ ఉన్న ఊళ్లది వేరే ప్రభుత్వం. అలా రెండు ఏలుబడులు ఆనుకుని, సుంకాలు వేరైన చోట ఒక ఒడ్డున చవకైన సరుకు రెండో ఒడ్డున లాభసాటి అవుతుంది. నా ఆటలో అది ఉప్పు. రాజుగారి సుంకం ఎగ్గొట్టి, కొబ్బరిపీచు మోపుల కింద పెట్టి తెచ్చేవారు.

సరుకు కదిలితే జాడ మిగలక తప్పదు, ఆ జాడలకు పాచిక అడగకండి. ఊరి రేవంతా ఇసుక, కాని ఒక కూలీ పిక్కల దాకా కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే నల్లటి మడ బురద. తేలికైన పీచు వేసుకొచ్చిన పడవ అంచుల దాకా మునిగి ఉంది. అమావాస్య మర్నాడు సారా కొట్టు కిటకిటలాడుతుంది. మా వాళ్లకు రెండో జాడతోనే అనుమానం వచ్చింది.

స్థావరానికి రెండు పటాలు గీయండి, పోటుకొకటి, పాటుకొకటి. మా వాళ్లు పోటు మీద గర్వంగా లోపలికి వెళ్లారు. కత్తులు దూసే సరికి నీరు తీసి, వాళ్ల పడవ బురదలో కూర్చుంది. మళ్లీ పోటు వచ్చేదాకా సుమారు 12 గంటలు ముఠాతో కలిసి అక్కడే ఉండవలసి వచ్చింది, వాళ్ల వంట తింటూ, వాళ్లతోనే బేరమాడుతూ.