పాఠకుల ప్రశ్నలు: డబుల్ స్టాక్ పిస్టల్ కొనేముందు మ్యాగజైన్ చూడండి

ప్రశ్న: మ్యాగజైన్ (తూటాలు నింపే గొట్టం) లోపల తూటాలు రెండు వరుసల్లో పట్టే 9 ఎం.ఎం. డబుల్ స్టాక్ పిస్టల్ కోసం గ్లాక్ 17, బెరెట్టా 92, సీజెడ్ 75 చూస్తున్నాను. మూడింటిలో నాణ్యత దేనిది?

జవాబు: మూడూ సైన్యాల చేతుల్లో, పోలీసుల చేతుల్లో దశాబ్దాలుగా నలిగినవే. బ్యారెల్ గురించో గురి గురించో దిగులు పడాల్సిన పని లేదు. తేడా మొదట బరువులో తెలుస్తుంది. పాలిమర్ ఫ్రేము ఉన్న గ్లాక్ 17, ఖాళీ మ్యాగజైన్‌తో సహా దాదాపు 700 గ్రాములు. అల్యూమినియం ఫ్రేము బెరెట్టా 950 గ్రాముల దరిదాపుల్లో, ఉక్కు ఫ్రేము సీజెడ్ కిలో దగ్గర ఉంటాయి. బరువున్నది తక్కువ తంతుంది. అదే బరువును నడుముకు కట్టుకుని రోజంతా కొండ ఎక్కితే సంగతి వేరు.

రెండోది ట్రిగ్గర్. గ్లాక్‌లో ప్రతి నొక్కూ ఒకేలా, సుమారు 2.5 కిలోల బరువుతో ఉంటుంది. మిగతా రెండూ మామూలు మోడళ్లలో హ్యామర్ (వెనకుండే చిన్న సుత్తి) దించి ఉంటే మొదటిసారి పొడవుగా, బరువుగా నొక్కించుకుంటాయి, ఆ తర్వాత తేలికవుతాయి. ఈ మార్పుకు వేలు అలవాటు పడేదాకా మొదటి గుండు పక్కకు పోతుంది. సీజెడ్‌లో స్లయిడ్ (కాల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పైభాగం) ఫ్రేము పట్టాల లోపల నడుస్తుంది. అందుకని పైకి కనిపించే భాగం తక్కువ, తడి చేత్తో లాగితే జారుతుంది. బెరెట్టా స్లయిడ్ పైభాగం తెరిచి ఉంటుంది, కాల్చిన తూటా ఖాళీ తొడుగు ఇరుక్కోవడం అరుదు.

ఇక అసలు చూడాల్సింది మ్యాగజైన్. తూటాలు రెండు వరుసల్లో అటొకటి ఇటొకటిగా పేరుకుని, పైకి వచ్చేసరికి ఒకే వరుసలోకి సర్దుకోవాలి. 1935లో వచ్చిన బ్రౌనింగ్ హై పవర్ 13 తూటాలు పట్టింది ఈ పద్ధతితోనే. ఇప్పటి పిస్టళ్లలోనూ దాదాపు అన్నిటిదీ అదే ఏర్పాటు. రెండు వరుసలు ఒకటయ్యే ఆ ఇరుకులో ఇసుక చేరినా, స్ప్రింగు నీరసించినా, పైనున్న లిప్స్ (తూటాను పట్టి ఉంచే అంచులు) కాస్త వంగినా తూటా సమయానికి పైకి రాదు. ఇరాక్‌లో అమెరికా సైన్యం వాడిన ఎం9, అంటే బెరెట్టా 92, ఇసుకలో మొరాయించింది. దానికి ప్రధాన కారణం పిస్టల్ కాదు, గరుకైన ఫాస్ఫేట్ పూతతో తయారైన మ్యాగజైన్లు. సన్నటి ఇసుక ఆ పూతకు అంటుకునేది. నున్నటి పూత ఉన్నవి వచ్చాక బాధ తగ్గింది.

కనుక కంపెనీ మ్యాగజైన్లు సులువుగా దొరికే మోడలే కొనండి. చవక మ్యాగజైన్‌తో ఖరీదైన పిస్టల్ కూడా ఇబ్బంది పెడుతుంది. మ్యాగజైన్లన్నిటికీ అంకెలు వేసుకుని, మీరు రోజూ వాడబోయే తూటాలే 200 దాకా కాల్చి చూడండి. ఆగడం ఎప్పుడూ ఒకే అంకెతో జరిగితే తప్పు ఆ మ్యాగజైన్‌దే. అన్నిటితోనూ ఆగితే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం), చాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది), చివరగా మీ పట్టు చూసుకోవాలి.

ప్రశ్న: పట్టు అంటే? డబుల్ స్టాక్ పిడి నా చేతికి లావుగా అనిపిస్తోంది.

జవాబు: పిస్టల్ ఖాళీగా ఉందని చాంబర్‌లోకి చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. బ్యారెల్ మీ ముంజేతికి సూటిగా ఉండేలా పట్టుకుని, చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదకు వస్తుందో లేదో చూడండి. వేలు అందించడానికి పిడిని తిప్పాల్సి వస్తే ఆ పిస్టల్ మీది కాదు, లేదా చిన్న బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక మార్చుకునే పలక) వేయించాలి. మణికట్టు వదులైతే తేలికపాటి పాలిమర్ పిస్టల్ మొత్తం స్లయిడ్‌తోపాటు వెనక్కి వెళ్తుంది. అప్పుడు స్లయిడ్ పూర్తి దూరం నడవదు, ఖాళీ తొడుగు నిలువుగా చిక్కుకుంటుంది. కొత్తవాళ్లు దీన్ని పిస్టల్ లోపమనుకుని షాపుకి తీసుకెళ్తారు!

ప్రశ్న: అడవుల్లో, కొండల్లో తిరిగేటప్పుడు 9 ఎం.ఎం. సరిపోతుందా? లేక పెద్ద తూటాలైన .40, .45, 10 ఎం.ఎం.లలో ఏది తీసుకోవాలి?

జవాబు: పెద్ద జంతువులు లేని చోట 9 ఎం.ఎం. చాలు. 124 గ్రెయిన్ల (సుమారు 8 గ్రాముల) గుండు సెకనుకు 350 మీటర్లతో దాదాపు 490 జౌళ్ల శక్తి ఇస్తుంది. .45 ఏసీపీలో 230 గ్రెయిన్ల గుండు 260 మీటర్ల వేగంతో ఇచ్చేది కూడా సుమారు 500 జౌళ్లే. గుండు లావు, బరువు పెరుగుతాయి, సంఖ్య తగ్గుతుంది: గ్లాక్ 17లో 17 పడితే .45 గ్లాక్ 21లో 13. మధ్యేమార్గమని 1990లో వచ్చిన .40కి ఇప్పుడు కొత్తగా వెళ్లమని మేం చెప్పం. 9 ఎం.ఎం. కంటే గట్టిగా తంతుంది, దానికి తగ్గ లాభం కనిపించదు.

ఎలుగుబంట్లు తిరిగే చోట లెక్క మారుతుంది. గ్లాక్ 20 లాంటి 10 ఎం.ఎం. పిస్టల్ 15 తూటాలతో, పూర్తి శక్తి లోడ్లలో 850 నుంచి 900 జౌళ్లు ఇస్తుంది. అయితే తూటాల పెట్టె మీద వేగం చదవండి. 180 గ్రెయిన్ల గుండుకు సెకనుకు 315 మీటర్లని రాసి ఉంటే అది 10 ఎం.ఎం. తొడుగులోని .40 మాత్రమే, 580 జౌళ్లు దాటదు. లోతుగా దిగడానికి వాడే గట్టి సీసం గుండ్లతో ఇంకో చిక్కుంది. గ్లాక్ పాత తరాల బ్యారెళ్లలో పాలిగోనల్ గాడులు (పదునైన అంచుల్లేని, పలకల్లాంటి గాడులు) ఉంటాయి. పైన రాగి తొడుగు లేని సీసం వాటిలో పేరుకుని పీడనం పెరుగుతుంది, కంపెనీయే వద్దంటుంది. రాగి తొడుగున్నవి వాడాలి, లేదా మామూలు గాడులున్న బ్యారెల్ వేయించాలి.

లైసెన్సు నిబంధనలు ముందే చూసుకోండి. కొన్నిచోట్ల మ్యాగజైన్‌కు 10 తూటాలే పరిమితి, మరికొన్నిచోట్ల సైనిక కేలిబర్ (తూటా సైజు) అన్న కారణంతో 9×19, అంటే ఈ 9 ఎం.ఎం. తూటా, పౌరులకు దొరకదు.

ప్రశ్న: మ్యాగజైన్ నిండుగా ఉంచితే స్ప్రింగు పాడవుతుందా?

జవాబు: మంచి స్ప్రింగు నొక్కి ఉంచినందుకు పెద్దగా పాడవదు, పదేపదే నొక్కి వదలడంతోనే అరుగుతుంది. చివరి తూటా తర్వాత స్లయిడ్ వెనక నిలబడకపోతే స్ప్రింగు మార్చే వేళయిందని అర్థం. దానికి ముందు మీ బొటనవేలు స్లయిడ్ స్టాప్ (స్లయిడ్ను వెనక నిలిపే మీట) మీద ఉందేమో చూడండి.

ప్రశ్న: వానలో, దుమ్ములో తిరిగొచ్చాక ఏం చేయాలి?

జవాబు: మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీ చేసి, స్లయిడ్ విప్పి పొడిగుడ్డతో తుడవండి. ఒక్కో పట్టా మీద ఒక చుక్క నూనె చాలు. దుమ్ము ప్రాంతంలో అంతకన్నా తక్కువే వేయాలి, ఎక్కువైతే ఇసుకతో కలిసి రాపిడి ముద్ద అవుతుంది. గడ్డకట్టే చలిలో చిక్కటి నూనె స్లయిడ్‌ను మందగింపజేస్తుంది, పలచనిది వాడండి. ఫైరింగ్ పిన్ నడిచే రంధ్రంలో మాత్రం నూనె వేయకూడదు. అక్కడ మురికి చేరినా, తడి గడ్డకట్టినా పిన్ దెబ్బ బలహీనపడి తూటా పేలదు.

మ్యాగజైన్ అడుగు పలక జరిపేటప్పుడు స్ప్రింగును బొటనవేలితో అదిమి పట్టండి, లేకపోతే ఎగిరి కంట్లో తగులుతుంది. స్ప్రింగు పైకొస ఎటు తిరిగి ఉందో చూసి పెట్టుకోండి, తిరగేసి బిగిస్తే ఫాలోవర్ (తూటాలను పైకి తోసే ముక్క) వంకరగా నడుస్తుంది. గొట్టం లోపల పొడిగానే వదలాలి. నైట్రైడ్ చేసిన (పైపొరను గట్టిపరిచిన) స్లయిడ్ తేలిగ్గా తుప్పు పట్టకపోయినా, స్ప్రింగులు, పిన్నులు పట్టొచ్చు. తడిసిన తోలు హోల్‌స్టర్‌లో రాత్రంతా వదిలేయకండి.