1965 ఫోర్డ్ మస్టాంగ్‌కి టిల్ట్ స్టీరింగ్ కాలమ్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ స్టీరింగ్ చక్రాన్ని పైకీ కిందికీ వంచుకోనిచ్చే ఈ కాలమ్ ఒక్కటే మారిస్తే కుదరదు. ఈ కారులో స్టీరింగ్ చక్రం నుంచి స్టీరింగ్ బాక్స్ (ఆ తిప్పుడుని ముందు టైర్లకి అందించే గేర్ల పెట్టె) లోపలి దాకా ఒకటే పొడవాటి ఉక్కు షాఫ్ట్. ఎదురుగా గట్టిగా గుద్దుకుంటే అది డ్రైవర్ ఛాతీ మీదికే వస్తుంది. అందుకే నా మాట, ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి దెబ్బకి లోపలికి ముడుచుకుపోయే రకం కాలమ్‌నే కొనండి. దాంతోపాటు పొట్టి షాఫ్ట్ ఉన్న స్టీరింగ్ బాక్స్ కావాలి. రెంటినీ యూనివర్సల్ జాయింట్లతో (షాఫ్ట్‌లు వంకరగా ఉన్నా తిప్పుడుని అందించే కీళ్లు) కలుపుతారు.

రెండు జాయింట్లు వాడితే మధ్య షాఫ్ట్‌కి అటూ ఇటూ ఉన్న ఫోర్కులు (జాయింట్‌ని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు) ఒకే వరుసలో ఉండాలి. లేకపోతే తిప్పేటప్పుడు స్టీరింగ్ ఒకచోట బిగుతుగా, ఒకచోట వదులుగా అనిపిస్తుంది. మూడు జాయింట్లయితే మధ్యలో షాఫ్ట్‌ని పట్టి ఉంచే సపోర్ట్ బేరింగ్ తప్పనిసరి. పాత షాఫ్ట్‌ని కోసి వెల్డింగ్ చేసి అతికిస్తామంటే మాత్రం దయచేసి ఒప్పుకోకండి. ఇండికేటర్, హారన్ వైర్లు కొత్త కాలమ్ కనెక్టర్‌కి సరిపోతాయో లేదో కొనే ముందే చూసుకోండి.